ఖాజా దిక్కు రెక్క

"నానమ్మా, పాశమైలారం ఫ్యాక్టరీల గేటు కాడున్న విమానం ఏ రకమో చెప్పు తాతా అంటే, మీ నానమ్మనే అడుగు పో అని కస్సుమన్నడు. ఏమైంది?"

నన్నే అడుగుమన్నడా? మంచిగున్నది. లొల్లంత వాళ్ళది, చెప్పుడు నా వంతు. కూసో బిడ్డా. ఆ ఫోను జెర దూరం పెట్టు, మూతిల గుచ్చకు.

మీ తాత, ఖాజా మియా ఇద్దరు దుండిగల్ దిక్కు ఇమానాల షెడ్డుల పనిజేసిండ్రు, నీకెర్కనే గదా. పిలగాండ్లకు ఇమానం నడుపుడు నేర్పే కాడ. కిరణ్ అంటరు ఆ ఇమానాన్ని, చిన్నది, పక్కపక్కన ఇద్దరు కూసునేది. పొద్దుగాల్నే మన కర్దనూర్ల సైకిలెక్కి... కాదు కాదు, సైకిలు తర్వాత. మొదాలు లారీలు పట్టుకొని పోయేటోళ్ళు. చాయ్ పావలాకు దొరికే రోజులు. చాయ్ ఖాజా తాపితే బన్ను మీ తాత తినిపిచ్చేటోడు. గా ముచ్చట గాదు, ఏం జెప్తున్న? ఆ, షెడ్డు. గాడ వాళ్ళకొక కాయిదా ఉండె. ఇమానం మీదికి పోయే ముందట ఎడమ రెక్క మీ తాత సూడాలె, కుడి రెక్క ఖాజా సూడాలె. ఒకని రెక్కను ఇంకొకడు ముట్టొద్దు, తొంగి గూడ సూడొద్దు. "నా దిక్కు బాగున్నది" అని ఈయన అనాలె, "నా దిక్కు బాగున్నది" అని ఆయన అనాలె. గప్పుడే ఇమానం కదలాలె. నౌకరి దిగేదాంక గిదే పని. గా అలవాటు ఇంటిదాంక వచ్చింది సూడు, మీ నాయిన మోటరు కడుగుమంటే మీ తాత ఎడమ దిక్కు తళతళ మెరిపిస్తడు, కుడి దిక్కు మట్టి మట్టిలెక్కనే ఉంటది. ఏందయ్యా అంటే మర్చిపోయిన అంటడు.

ఇగ గేటు ముచ్చటకొస్త. ఇద్దరు ఇంట్ల కూసున్నంక, ఆ ఫ్యాక్టరోళ్ళ సంఘమోళ్ళు తుక్కుల కెళ్ళి ఒక పాత కిరణ్‌ను తెచ్చి, రంగేసి, గేటు కాడ దిమ్మె మీద నిలవెట్టిండ్రు. కింద బోర్డు రాయాలె. ఉట్టిగ కిరణ్ అని రాస్తే సరిపోదట, అండ్ల ఏ రకమో రాయాలెనట. మార్క్ వన్ ఏ అని ఒకటుంటది, మార్క్ టూ అని ఒకటుంటది. తేడా ఏందంటే, రెక్క కింద బరువులు తగిలిచ్చే కొక్కాలు. వన్ ఏ అయితే రెక్కకొకటి, టూ అయితే రెక్కకు రెండు. గంతే. నా చెవులు తూట్లు వడేదాంక చెప్పిండ్రు, నిద్రల లేపి అడిగినా చెప్త.

ఊళ్ళె ఇమానాలు ఎర్కున్నోళ్ళు మీరే అని ఇద్దర్ని తోల్కపోయిండ్రు. పెయింటరు డబ్బ పట్టుకొని నిలవడ్డడు. మీ తాత సక్కగ ఎడమ రెక్క కిందికి పోయి, నెత్తి లేపి సూసి, వన్ ఏ అన్నడు. ఖాజా కుడి రెక్క కింద నిలవడి, టూ అన్నడు. ఇగ షురూ. నీ కంట్ల మోతిబిందు వచ్చిందని ఆయన, నీ నెత్తిల గుజ్జు ఎండిపోయిందని ఈయన. ఎవడు పట్టిన కుందేలుకు వానికి మూడే కాళ్ళు. అడుగు తీసి అటు దిక్కు పోయి సూసినోడు లేడు బిడ్డా. ఇన్నేండ్ల అలవాటు, కాళ్ళు పోతయా?

గంతటితోని ఆగినా సరిపోతుండె. మీ తాత నోరు ఊకోదు గదా. "నువ్వు సక్కగ సూసిందెన్నడు, ఆ పిలగాండ్ల నసీబు మంచిగుండి ఇమానాలు వడలే" అన్నడు. గా మాట అననే వద్దుండె. ఖాజా ఎనుకకు తిరిగిండు. చెప్పులేసుకొని ఇంటికి పోయిండు.

ఆ యేడు రంజాన్‌కు మనింటికి షీర్ ఖుర్మా రాలే. రబియా, అదే ఖాజా భార్య, నేను కొత్త కోడలుగా వచ్చిన కానుంచి నాకు ఆమెనే తోడు. కాన్పుకు ఆమె, పత్యానికి ఆమె. గసుంటిది నన్ను సంతల సూసి కొంగు సర్దుకొని పక్కకు పోయింది. నాకెంత ఏడుపొచ్చిందో నీకేం తెల్సు. కొక్కాల కోసం పంచాది మొగోళ్ళది, నోరు కుట్టుకునేది మేమా?

దసరా వచ్చింది. జమ్మి పట్టుకొని మీ తాత ఏటా ఫస్టు ఖాజా ఇంటికే పోయేటోడు. అలాయ్ బలాయ్ తీస్కోని, గాడనే బువ్వ తిని వచ్చేటోడు. ఆ దినం జేబుల జమ్మాకు పెట్టుకొని గడప మీదనే కూసున్నడు. లోపలికి రాడు, బయటికి పోడు. నాకు యాష్టకొచ్చింది. రబియాకు ఫోన్ జేసిన. "నువ్వు ఆయనను గేటు కాడికి తోల్కరా, నేను ఈయనను గుంజుకొస్త, ఇయ్యాల అటో ఇటో అయిపోవాలె" అన్న. ఆమె గూడ ఏడ్చింది, వస్త అన్నది.

వచ్చిండ్రు. వచ్చి ఏంజేసిండ్రనుకున్నవ్? ఈయన సక్కగ పోయి ఎడమ రెక్క కింద, ఆయన కుడి రెక్క కింద. మొఖం ఇటొకడు, అటొకడు. నాకు నెత్తి మండింది. మీ తాత రెక్క పట్టుకొని బర్ర బర్ర గుంజుకపోయి ఖాజా దిక్కు నిలవెట్టిన. రబియా ఖాజాను ఇటు నూకింది. "సచ్చిపోయే లోపల ఒక్కపారి అటుది గూడ సూడుండ్రి" అన్న.

సూసిండ్రు. ఎడమ రెక్కకు ఒక్కటే కొక్కెం. కుడి రెక్కకు రెండు. ఆ తుక్కు కాంట్రాక్టరు ఒకదాని రెక్క, ఇంకోదాని రెక్క తెచ్చి అతికిచ్చిండు. ఇద్దరు చెప్పింది నిజమే.

 లారీలు పోతున్నయ్, దుమ్ము లేస్తుంది, ఇద్దరు ముసలోళ్ళు నెత్తులు లేపుకొని గట్లనే. నేను మీ తాతను సూసుడు బంద్ జేసి రోడ్డు దిక్కు సూసిన, మొగోడు ఏడుస్తుంటే ఏం సూస్తం. గప్పుడు ఈయన అన్నడు, "ఖాజా, నీ దిక్కు బాగున్నది." గా ఒక్క మాటనే. ఖాజా వచ్చి, ఈయన జేబుల చెయ్యి పెట్టి, జమ్మాకు ఆయనంతట ఆయనే తీస్కున్నడు.

కోపం నాకు ఇప్పటికి పోలే బిడ్డా. మీ తాత ఆ దిక్కు సూడకుంట అన్నేండ్లు నమ్మిండు, సూడకుంటనే ఒక్క దినం కాదన్నడు. నడుమల యేడాది పొద్దు నేను, రబియా ఒకరికొకరం కాకుంట పోయినం. ఆ బోర్డు సూస్తివి గదా, ఇప్పటికి ఏం రాయకుంట ఉట్టిగనే ఉన్నది. రెక్కలు రెండు తీర్లు, మరి నడిమిది దేనిదని ఇప్పుడు కొత్త లొల్లి. రోజు పోతరు, రోజు కొట్లాడ్తరు, అయితే ఇప్పుడు ఇద్దరు కల్సి చుట్టు తిరిగి సూస్తరు, గంతే నయం.

సల్లగ బతుకు బిడ్డా. నీ అటు దిక్కు సూసేటోళ్ళు నీకు గూడ దొరకాలె. దొరికినంక జెర నువ్వు గూడ అప్పుడప్పుడు అటు పోయి సూస్తుండు... ఆ మనింటి గేటు చప్పుడు ఖాజాదే. ఇగ వీళ్ళది షురూ అయితది. పో, చాయ్‌కి నీళ్ళు పెట్టు, రబియా గూడ వచ్చిందో ఏమో సూసి పెట్టు...