పసి చుక్కల పలక

ఆర్మేనియా. అరగాట్స్ కొండవాలులో నక్షత్రశాల ఉన్న ఊరు. మధ్యాహ్నం పోలీసు గదిలో ఇన్‌స్పెక్టరు హ్రాంత్, అతనికి ఎదురుగా నక్షత్రాలు కొలిచే అర్పెనిక్.

"... సమ్వెల్ కుడిచేతి వేళ్లు మూడు నుజ్జయ్యాయి అత్తా. బొటనవేలు తీసెయ్యాలంటున్నారు. దేంతో కొట్టావు?"

"కొలత యంత్రం పిడితో. ఇత్తడిది."

"ఎన్ని దెబ్బలు?"

"లెక్కపెట్టలేదు."

"లోపల గడియ పెట్టి ఉందట. తలుపు పగలగొట్టి మరీ వచ్చాడు కాపలావాడు. అప్పటికీ కొడుతూనే ఉన్నావట."

"ఉన్నాను."

"సమ్వెల్ నీ శిష్యుడు. నీ చేతి దోల్మా తిని పెరిగినవాడు."

"తిన్నాడు. అయితే?"

"అయితే ఏమిటి? ఒక గాజుపలక పగిలినందుకా?"

"ఆ పలకేమిటో తెలుసా నీకు?"

"చెప్పు."

"నలభై ఏళ్ల కిందటి ఆకాశం ఫోటో. ఒక్క కాన్పులో పుట్టినట్టు పుట్టిన పసి చుక్కల గుంపు ఉంది అందులో. ఇప్పటి ఫోటో పక్కన పెట్టి కొలిస్తే ఏ చుక్క ఎంత జరిగిందో తెలుస్తుంది. వెంట్రుకలో వందో వంతు జరిగినా సరే."

"తెలిస్తే?"

"అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయో, తలో దిక్కూ పోతాయో తేలుతుంది. కలిసే ఉంటాయని రాశాను నేను. పదకొండేళ్లు కొలిచి రాశాను."

"మరి సమ్వెల్?"

"చెదిరిపోతున్నాయన్నాడు."

"ఆ మాటకే కొట్టావా?"

"కాసిని నీళ్లివ్వు."

"ఇదిగో. వాడి కొలతల్లో తప్పుందా?"

"పలక ఉంటేగా, మళ్లీ కొలిచి చూసేది."

"సరే, విను. ఆస్పత్రిలో రాసిచ్చాడు. 'పలక నా చేతిలోంచే జారి పగిలింది. తప్పు నాది. ఆవిడ మీద ఫిర్యాదు లేదు.' ఎడంచేత్తో సంతకం పెట్టాడు. కింద నువ్వూ పెట్టేసి ఇంటికి పో."

"ఎడంచేత్తోనా?"

"కుడిచెయ్యి ఎక్కడుంది అత్తా?"

"... ఆ కాగితం చించెయ్ హ్రాంత్."

"ఎందుకు?"

"వాడి లెక్కే నిజం. మూడుసార్లు కొలిచి చూసుకున్నాను. పలక నేలకేసి కొట్టబోయింది నేను. వాడు లాక్కుని గుండెకి అదుముకున్నాడు. వదిలేదాకా కొట్టాను."