ఆల్టో బెంచీకి ఎదురుగా

"ఓపల్ హెండ్రిక్స్!" అని పిలిచాడు చూశావా లానీ ఇందాక చర్చిలో, బెంచీల నడిమధ్యకొచ్చి పాట ఎత్తుకోమని? ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందే లూరీన్! ముసలాడు పాపం, నోటికలవాటైన పేరు జారిపోయింది. నవ్వకు. ఆ కోడి ముక్క ఇటు పడెయ్, నీకెందుకే అంత పెద్దది. ఏం చెప్తున్నానూ... ఆఁ, ఓపల్. మన డస్కిన్ ఊరు ఇట్లా ఉండేది కాదమ్మడూ. రైలు ఆగేది. పత్తి రోజుల్లో వీధంతా దూది ఎగిరేది. ఎవరింట్లో ఎవరు దగ్గినా ఊరంతా వైద్యం చెప్పేది. హైవే అటుగా వేసుకుపోయారు, ఊరు ఎండిపోయింది. ఈ చర్చిలో పాటల ఆదివారమంటే కిటికీల అవతల కూడా జనమే. నాలుగు వైపులా బెంచీలు, మొహాలు చూసుకుంటూ పాడ్డం. ఆల్టో పాడే ఆడవాళ్ళకి సరిగ్గా ఎదురుగా మేం, పై గొంతు టెనర్ వాళ్ళం. లావు గొంతు మగాళ్ళ బేస్ బెంచీ ఓ పక్కకి. ఓపల్ పాడుతుంటే మెడ దగ్గర నరం సన్నగా కదిలేది, ఎండలో దారప్పోగు మెరిసినట్టు. ఆవిడకి అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఓసారి ఇక్కడే, ఈ చెట్ల కిందే భోజనాల దగ్గర, "ఏం వర్జిల్, నీ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుందే, బేస్ వాళ్ళ దగ్గర కూర్చోవేం?" అంది. "ఇటైతే గాలి బాగా వస్తుంది" అన్నాను. మా వైపు కిటికీయే లేదు! పకపకా నవ్వింది. నవ్వాగాక కూడా కాసేపు నావంకే చూసింది, ఇంకేదో అంటానని. నేను పచ్చడి గిన్నె అందించాను. ఆ శీతాకాలమే డ్యూయీని చేసుకుంది. వాడిది బేస్ బెంచీ. మంచివాడే, వంక పెట్టడానికేం లేదు. ఇందాక లానీ గడ్డం పట్టుకున్నాడు నాది: "బేస్‌లో ఒక్కడూ మిగల్లేదు బావా, నువ్వొచ్చి కూర్చో, లేకపోతే వచ్చే ఏడు నుంచి పాటలే ఆపేద్దాం." రానన్నాను. నువ్వూ కోప్పడ్డావుగా, మొండి ముసలాడా, ఊరి పాట పోతుంటే నీకు బెంచీ ముఖ్యమా అని. ఎదురుగా ఆల్టో బెంచీ ఖాళీ, నాకూ తెలుసు. అయినా లేవలేకపోయాను. నాది టెనర్ గొంతే కాదే తల్లీ, ఏనాడూ కాదు. అక్కడ కూర్చుంటే ఆవిడ మొహం కనిపించేది. నాకు ఓపలంటే ప్రాణం. ఇదే మొదటిసారి, పైకి అనడం.