దిగబడిన కర్ర

ఏంటమ్మా, మీ తాతయ్య ఏం పని చేసేవాడనా? ఇసుక కొలిచేవాడు. నవ్వకు, నిజంగానే. రేవు ఆఫీసువాళ్ళు జీతమిచ్చి మరీ కొలిపించేవాళ్ళు. మీ అమ్మమ్మ, అంటే మా అక్క, ఆయనకి ఇసుకే మొదటి పెళ్ళాం, నేను సవతిని అనేది. నాకప్పుడు ముప్పై దాటినా పనీ పాటా లేదు. ఊరికే తిని కూర్చునే బదులు నాతో రారాదూ అని బావ చేతికో కర్ర ఇచ్చాడు. రెండు కర్రలమ్మా, రెండూ ఒకటే ఎత్తు. నేను నీళ్ళ దగ్గర ఒకటి నిలబెట్టాలి. ఆయన ఆరడుగులు వెనక రెండోది పట్టుకుని, నా కర్ర కొస మీదుగా సముద్రం, ఆకాశం కలిసే గీతని చూసేవాడు. ఆ చూపు ఆయన కర్రకి పైనించి ఎన్ని వేళ్ళ కింద తగిలితే ఒడ్డు అన్ని వేళ్ళు వాలినట్టు. ఏం చెబుతున్నా? ఆ, వాలు. గరుకు ఇసుకైతే నీళ్ళు అక్కడే ఇంకిపోతాయట, అల తెచ్చిందంతా పైనే వదిలేస్తుంది, ఒడ్డు నిటారుగా లేస్తుంది. సన్న ఇసుకైతే వెనక్కి పోతూ ఊడ్చుకుపోతుంది, చాపలా పరుచుకుంటుంది. తుఫాను నెలల్లో సముద్రం ఇసుకని లాక్కెళ్ళి లోపలెక్కడో దిబ్బ పోసుకుని, అలలు మెత్తబడ్డాక మళ్ళీ మోసుకొస్తుందట. పోయిందని గోల పెట్టకండి, ఏడాది ఆగి చూడండి అని ఊరందరికీ చెప్పేవాడు.

అలాంటి మనిషి ఒక ఏడు మాత్రం ఆగలేదు. తాళ్ళు పేనేవాళ్ళ వీధి, పన్నెండు ఇళ్ళు, చివరిది మనదే. ఒడ్డు కోసుకుపోతోంది, వీధి ఖాళీ చేయించండని రాసిచ్చాడు. అందర్నీ లేపి గుట్ట మీదికి పంపారు. తాడు పేనాలంటే పొడుగాటి చదును నేల కావాలి కదా, గుట్ట మీద ఎక్కడుంది? తాళ్ళ పెద్దాయన పనే మానేశాడు. ఆ పాపం ఎవరిదంటావ్? చెప్తా, ఎవరికీ చెప్పలేదు. తడి ఇసుకలో అల వెనక్కి పోయినప్పుడల్లా కర్ర దిగబడుతుంది. పైకి లాగి మళ్ళీ పెట్టాలి. నేను బద్ధకించి వదిలేసేవాణ్ణి. రెండు వేళ్ళు, ఒక్కోసారి నాలుగు. నా కర్ర దిగితే ఆయన ఒడ్డు దిగిందని రాసుకునేవాడు. నాలుగు నెలలకి ఇసుక తిరిగొచ్చింది, ఖాళీ ఇళ్ళ గుమ్మాల దాకా. తాళ్ళ పెద్దాయన వచ్చి, తన పాత గుమ్మం ముందు గుప్పెడు ఇసుక తీసి చూసుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. సరే, తప్పు నాదే అనుకున్నానా, అక్కణ్ణించి తొమ్మిదో ఏట ఒక్క తుఫానుకి వీధి మొత్తం పోయింది, మొండిగోడ కూడా మిగల్లేదు. అదే తాళ్ళ పెద్దాయన వచ్చి మా ప్రాణాలు కాపాడావయ్యా అని బావ చేతులు పట్టుకున్నాడు. మరి నేను చేసింది తప్పా, మేలా? కుడితిలో పడ్డ ఎలకలా ఉంది నా పని ఇప్పటికీ.

అది కాదు అసలు సంగతి. ఇళ్ళు ఖాళీ చేసిన మర్నాడు పొద్దున్నే బావ నా కర్ర తీసుకుని, అడుగున పళ్ళెమంత చెక్క బిగించి తిరిగిచ్చాడు. "ఇంక దిగబడదులే" అన్నాడు. అంతే. నా మొహం కూడా చూడలేదు. ఆయనకెప్పుడు తెలిసింది? రాసిచ్చాకా, ముందా? ముందే తెలిస్తే ఎందుకు రాసినట్టు? అక్క అల చప్పుడు పెరిగితే చాలు పొయ్యి ఆర్పేసి గుమ్మంలో నిలబడేది, ఈ ఇంట్లో ఉండలేనని ఏడ్చేది. ఆవిడ కోసం పన్నెండు ఇళ్ళు లేపాడా? అంతపని చేసే మనిషి కాదు. ఏమో, చేశాడేమో. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు పక్కపక్కనే నడిచాం, నేను అడగలేదు. అడిగితే, నువ్వెందుకు పైకి లాగలేదురా అంటాడని భయం. ఆయనా అడగలేదు. ఆయనకేం భయమో.

అలా చూడకమ్మా నా వంక. లే, నీ బస్సు పోతుంది.