చదవని సంతకం

హలో… ఆ, నేనే. అర్షియానే.

…

గుర్తుపట్టకేం సార్? ఆర్నెల్లయితె మాత్రం శైలేందర్ సార్ గొంతు మరుస్తనా? గదే గొంతు. జర మెత్తవడ్డది, గంతే.

…

మీ కంపెనీ గేటు ముంగటనే ఉన్న. చాయ్ హోటల్ల కూసున్న… లేదు లేదు, లోపలికి వస్తనని నేనెప్పుడన్న? చాయ్ తాగుదామని వచ్చిన.

…

ఆఫీసుల శ్రీవాణి చెప్పింది సార్, నిన్ననే. ఆడిటర్లు దిగిన్రట. బీపీ గోళీల బ్యాచ్ ఫైలు పట్టుకొని, "దీన్ని పరీక్ష చేసిన కెమిస్టును మా ముంగట కూసోవెట్టున్రి" అంటున్నరట. కాయితం మీద పేరు చూస్తె నాదాయె.

…

నేనే మానేసిన్నని వాళ్లకు చెప్పిన్రా? మే నెలల? నా ఇష్టంతోని?… పెండ్లి కుదిరిందనా! మా అమ్మీకి చెప్త, సంబురపడ్తది.

…

ఆ, ఆ. నేనొచ్చి "గిది నా పరీక్షనే" అని ఒక్క మాట అనాలె. గంతే గద… గంతే అంటున్నరు.

నేను చేసింది వేరే గద సార్? గోళీల ఉండరాని పదార్థం హద్దు దాటింది. గ్రాఫ్ మీద గుట్ట లెక్క లేచింది. మీకు తెచ్చి చూపిస్తి. "ఇంకోపారి పెట్టు" అన్నరు, పెట్టిన. మళ్ల గట్లనే వచ్చె. "సాఫుగ వచ్చేదాక పెడ్తనే ఉండు" అన్నరు. పెట్టనన్న. బ్యాచ్ ఫెయిలని రాసిన. గా పేజీ ఏమైంది సార్?… చింపిన్రు గద!

…

పాత ముచ్చటనా? మీకు పాతది. నాకు ఇయ్యాల్టిదే. "దొంగరాతలు రాసింది" అని ల్యాబంతా వినేటట్టు అరిసిన్రు. గేటు కాడికొచ్చి, వాచ్‌మన్ ఎల్లయ్య తాత ముంగట, తెల్లకోటు విప్పిపొమ్మన్నరు. గా కోటు మా అబ్బా కుట్టిండు సార్. మీ ల్యాబుల అందరి కోట్లు ముక్తార్ టైలరే కుట్టిండు. మీ ఒంటి మీదిది గూడ.

…

సారీ మీకాడనే ఉంచుకోన్రి.

…

ఏం చేస్తున్ననా? ఎమ్మెస్సీ చదివి, నాలుగేండ్లు మీ మిషిన్ల కాడ నిలవడి, గిప్పుడు అబ్బా పక్కన కూసొని కాజాలు కుడుతున్న. గజ్వేల్ దిక్కు రెండు కంపెనీలకు పోయిన. ఇంటర్వ్యూ పాసైన. "పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఏదమ్మా?" అన్నరు. మీరియ్యకపోతిరి. ఫోన్ చేస్తె ఎత్తకపోతిరి. దొంగరాతల పిల్లని పేరు వడ్డంక ఎవలు తీసుకుంటరు సార్?

…

వద్దు. నాకు మీ ఉద్యోగం వద్దు. జీతం పెంచినా వద్దు. నా లెటర్ నాకియ్యున్రి. మెయిల్ల వచ్చుడే ఆలస్యం, రోడ్డు దాటుత.

…

రేపు కాదు, గిప్పుడు. ఆడిటర్ కూసున్నది మీ ముంగట, నా ముంగట కాదు. నా చాయ్ ఇంక సగమున్నది.

…

శ్రీవాణితోని టైపు కొట్టిస్తున్నరా? కానియ్యున్రి. కాపీ హైదరాబాద్ పెద్దసారుకు పోవాలె, గది రూలాయె… ఆ, లైన్లనే ఉంట.

…

సంతకం అయిందా? చదివిన్రా సార్?… టైం లేదా. మీకు ఎన్నడున్నది? మేం ఇరువై పేజీలు రాసి తెస్తె ఒక్క పేజీ తిప్పకుంట "పరిశీలించితిని" అని గీకుతుంటిరి. మీ ఎనుక నవ్వుకునేటోళ్లం.

వచ్చింది. ఆగున్రి, చదువుత… తొందర మీదైతె కావచ్చు సార్, చదువుడు నా అలవాటు.

"అర్షియా బేగం మా సంస్థలో కెమిస్టుగా పనిచేశారు… ప్రవర్తన తృప్తికరం." ఓహో, తృప్తికరమట! "చివరి పనిదినం… మార్చి తొమ్మిది."

…

ఔ సార్, మార్చి తొమ్మిది. మే కాదు. మీరు కోటు విప్పించిన దినం. గేటు మిషిన్ల నా ఏలిముద్ర ఆఖరుకు వడ్డ దినం. కంప్యూటర్ గదే తారీఖు ఎక్కిస్తది. శ్రీవాణినేం అనకున్రి. సంతకం మీది.

ఇగ నేనడుగుత, మీరు చెప్పున్రి. గా బ్యాచ్ పాసైందని నా పేరుతోని ఉన్న రిపోర్టు ఏ దినానిది?

…

కాయితాలు తిప్పుతున్నరా? నేనే చెప్త. మార్చి పన్నెండు. మీరెళ్లగొట్టిన మూడు దినాలకు నేనెట్లొచ్చిన సార్ లోపలికి, గోడ దుంకిన్నా?

…

మా పాస్‌వర్డులు చీటీల మీద రాసి కంప్యూటర్ కింద అంటించుమన్నది మీరే. నాది కొట్టి లోపలికి పోయి, గుట్టను సాపు చేసిందెవలో ఆడిటర్‌కు మీరే చెప్పుకోన్రి.

…

నా ఫోన్ల డిలీట్ చేస్తె ఏమైతది? పెద్దసారుకు పోనే పోయింది… అక్రమ్ భాయ్, నేను పంపింది వచ్చిందా? ఆ, రెండు కాపీలు తియ్యి… మీతోని కాదు సార్. పక్కన జిరాక్స్ షాపు.

…

బెదిరిస్తున్నరా? బెదిరియ్యున్రి. నా చేతిల సూది తప్ప ఇంకేం లేదు, ఏం గుంజుకుంటరు?

…

ఇగో, గిప్పుడు ఏడుస్తున్నరు. మీకు పిల్లలున్నరా. దుకాణాలల్ల గా గోళీలు కొనుక్కొని మింగినోళ్లకు పిల్లలు లేరా సార్? ఫెయిలని నేను రాసినంక గూడ పంపిన్రు గద.

…

జాలి లేదు. ఉన్నదని అబద్ధం చెప్ప. ఆర్నెల్ల సంది ఒక్కొక్క కాజా కుట్టుకుంట గీ దినాన్నే తలుసుకున్న. నా పేరు నాకు కావాలె. మీ పేరు ఏమైతదో చూడాలె. చూస్తున్న. కడుపు చల్లగున్నది సార్.

…

గిప్పుడు రావొద్దంటరా? మీరే పిలిచిన్రు గద? కాపీలు తీసుకొని రోడ్డు దాటిన గూడ. ఎల్లయ్య తాతా, మంచిగున్నవా?… ఆ, నేనే. ఏడువకు, ఊకో. రిజిస్టర్ ఇయ్యి. టైమెంత? పదకొండు ఇరువైమూడు. ఇరువైమూడే రాస్తున్న తాతా, ఒక్క నిమిషం గూడ జరుపుతలేను.

సార్, ఉన్నరా? ఫోన్ లోపలికి తేవద్దని మాకు రూలు పెట్టింది మీరే. తాతకు ఇచ్చి వస్తున్న. రెండు కాపీలల్ల ఒకటి ఆడిటర్‌కు. ఇంకోటి మీకు తెస్తున్న, గీపారన్న చదువుకోన్రి.

తాతా, ఇగో ఫోను, డబ్బల పెట్టు… ఉండనియ్యి, నువ్వు కట్ చెయ్యకు. ఆయననే చేసుకోనియ్యి.