తలుపు వేసింది గాలి కాదు

హలో… ఆ, నేనే మాస్టారూ… బతికే ఉన్నాను.

కుడిచెయ్యే… మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. ఒకదాంట్లో ఎముక కనిపిస్తోంది. డాక్టరు కట్టు — అబ్బా! మెల్లగా కట్టండి డాక్టరుగారూ…

ఎవరు చెప్పారు మీకు?… హాలు మేనేజరా? గాలికి తలుపు పడిందన్నాడా!

మీ అబ్బాయి వేశాడు మాస్టారూ. "మా నాన్న నిలబడ్డ చోట నువ్వా?" అంటూ నా చెయ్యి గుమ్మానికి అదిమిపెట్టి వేశాడు… ఒక్కసారైతే నేనూ కోపమే అనుకుందును. తెరిచాడు. నా మొహంలోకి చూశాడు. మళ్ళీ వేశాడు.

…అవును, మీవాడే.

నేనూ ఊరుకోలేదు. నోట్స్ పెట్టుకునే ఇనప స్టాండు ఎడంచేత్తో లాగి మొహం మీద ఒక్కటిచ్చాను. ముక్కు పగిలింది… ఆ, కారుతోంది రక్తం. చచ్చేంతేం కాదు.

వాడెక్కడా? సామాన్ల గదిలో. డ్రమ్స్ ఆయన వాడి ఛాతీ మీద కూర్చున్నాడు… ఊహూఁ, లేవమనను.

…వెనక దారిన పంపించెయ్యాలా? పోలీసులు వస్తున్నారు… నేనే పిలిచాను.

…మర్చిపోలేదు. కండక్టరంటే ఏ బస్సుకే అని మా ఇంట్లోవాళ్ళే పగలబడి నవ్వుతుంటే, నన్ను ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టింది మీరే. కాళ్ళకి దండం పెడతాను. కేసు మాత్రం పెట్టి తీరతాను.

…ఏమిటీ? మీ తర్వాత ఆ కండక్టరు ఉద్యోగం నాకే ఖాయం చేయిస్తారా? కమిటీవాళ్ళు నిన్ననే ఖాయం చేసేశారు మాస్టారూ! అందుకేగా మీవాడు తలుపు వేసింది!

…అరవకండి. మీ గుండెకి మంచిది కాదు.

కచేరీనా? ఆగదు… ఎవరు, వాడా నడిపేది? వాడు ఎక్కితే వాయిద్యాలు కింద పెట్టేస్తామన్నారు మావాళ్ళు. ఎడంచేత్తో నేనే నడిపిస్తాను… పడితే పడతాను. ఆసుపత్రి తర్వాత.

…ఏడుస్తున్నారా?

…నాకూ ఏడుపొస్తోంది. నొప్పికి కాదు. ఈ చెయ్యి మళ్ళీ లేస్తుందా అని ఒక్కసారైనా అడుగుతారేమోనని ఇందాకట్నుంచీ చూస్తున్నాను.

…వద్దు. ఇప్పుడడక్కండి.

రండి ఇన్‌స్పెక్టరుగారూ… నేనే. వాడు ఆ గదిలో ఉన్నాడు.

…ఉంటాను మాస్టారూ.