బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

హలో… ఆ, నేనేలే కృత్తికా, నీ నాయన్నే. చెప్పు కణ్ణు…

యాడికి పోతాను, సింగానల్లూర్లో మన వర్క్‌షాపులోనే ఉండాను… అయిపోయినట్టే.

అయిపోయినట్టే అంటే అయిపోయినట్టే. కాగితాలన్నీ మిషన్లో తురిమేసినాము. ఆ మోటారు పంపుల కంపెనీ పేరున్న ముక్క ఒక్కటి మిగల్లేదు. గోనెసంచిలో కట్టి మూల పెట్టినాను…

అంతసేపు ఏంటికా? మీ అమ్మ వల్ల. ప్రతి కాగితం తలమీద శుభానికని పిళ్లయార్ సుళి గుర్తు వేసేది నా అలవాటు గదా. దాన్ని మిషన్లో వేస్తే పాపమని, కత్తెర పట్టుకుని ఒక్కో సుళీ కత్తిరించి పూజగదిలో పెట్టింది… లేదమ్మా, ఆ ముక్కల్లో ఏ రహస్యమూ లేదు. వినాయకుడు మాత్రమే ఉండాడు.

హార్డ్ డిస్కా…

ఉండాది…

ఉండాది అంటే… ఉన్నట్టే ఉండాది. ఇంకా కొట్టలేదు.

కసరుకోవద్దు. పంపు కంపెనీ శబరి సార్ నీ పక్కనే కూర్చోనుండారా?… అయితే ఫోన్ చెవికి గట్టిగా పెట్టుకో.

తెలుసు కణ్ణు. అయిపోయిన ఆర్డరుకు వాళ్లిచ్చిన పంపు డ్రాయింగులన్నీ దాంట్లోనే ఉండాయి, బయటికి పోకూడదు. అది పగలగొట్టి వీడియో పంపితేనే ఆ సార్ కొత్త ఆర్డరు మీద సంతకం పెడతాడు. లేకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది, మన పనివాళ్లు దీపావళికి చేతులు కట్టుకుని కూర్చోవాలి. పొద్దుటి నుంచి అదే పాట పాడుతుండావు…

సుత్తి తీసుకున్నాను. ఎత్తినాను కూడా. అప్పుడు చూస్తే… బొట్టు ఉండాది.

నవ్వు, బాగా నవ్వు. ప్రతి ఆయుధ పూజకూ ఆ నల్ల డబ్బాకు గంధం పూసి, కుంకుమ పెట్టి, లేత్‌కన్నా ముందు దానికే హారతి ఇచ్చినాను. పూజ చేసిన చేత్తో సుత్తి ఎట్లా వేసేది?…

నీకు ఇనుపముక్కే. పని లేక పాత లేత్ అమ్మేసిన సంవత్సరం గుర్తుందా? నువ్వప్పుడు బడికి పోతుండావు. కంప్యూటరూ, ఈ డబ్బా కొని తెస్తే చుట్టాలంతా నవ్వినారు. దీనితోనే మనకు మళ్లీ అన్నం పుట్టింది కృత్తికా. ఇప్పుడు దాన్నే పగలగొట్టమంటుండావు…

సరి… సరి, నాకూ తెలుసు. గాని ఇంకో తిరకాసు ఉండాది. వీడియోలో దాని నంబరు కనపడాలన్నావే, ఆ నంబరు మీదనే గంధం. ఏళ్ల గంధం, సిమెంటు మాదిరి పట్టుకోనుంది… గోకమంటావా? మీ అమ్మ కళ్లెదుట నా చేత్తో బొట్టు చెరపమంటావా?

ఉండు, తనే వచ్చింది… వళ్లీ, నీ కూతురు బొట్టు తుడవమంటాది, విన్నావా…

నీకు వినపడలేదా? ఏమంటాది అంటే, ఆయుధ పూజకు గుమ్మడికాయకు కుంకుమ పెట్టి, దిష్టి తిప్పి, వాకిట్లో పగలగొట్టేది మీరు గాదా అంటాది. దానికి లేని పాపం దీనికి యాడి నుంచి వచ్చిందంట…

నిజమే గదా. ఇంత సుళువుగా నాకేంటికి తట్టలేదు…

ఆ, నూనె రాస్తాంది. గంధం మెత్తబడింది… లేదు కణ్ణు, తుడవలేదు. బొట్టును వేలికి తీసుకుని కొత్త కంప్యూటర్‌కు పెట్టింది. తుడవలేదు, మార్చినానంతే అంటాది…

నేనేం ఏడవడం లేదు. గంధం పొడి కంట్లో పడింది.

నంబరు చదవాలా? ఉండు, ఫోటో తీసి పెద్దది చేసుకుంటేగాని నాకు కనపడదు, అది నా అలవాటు తెలుసు గదా… ఆ, సరిపోయిందా? మంచిది. ఈ ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచుతాను. మీ అమ్మ ఫోన్లో వీడియో తీస్తాను…

సుత్తి వద్దంట. లోపలికి పోయి రోకలి తెచ్చుకుంది.

దిష్టి తిప్పుతాంది… వాకిట్లో పెట్టింది…

విన్నావా?… లేదు, అది నా కాలి పక్కన నేలకు తగిలిన దెబ్బ. వళ్లీ, కొంచెం ఇటు చూసి — ఆ. పోయింది. లోపల అద్దం మాదిరి బిళ్ల ఉన్నింది, పొడిపొడి అయిపోయింది. ఇంక దాన్ని దేవుడొచ్చినా చదవలేడు.

పంపినాను, చూడండి…

సార్ నవ్వుతాండాడా? నవ్వనీ… సంతకం పెడతాడంటనా? ఇంకేం కావాలి…

నేను మాట ఇవ్వాలా? ఇస్తాను, దానికేం. సార్‌కు వినపడేట్టు పెట్టు… వణక్కం సార్. నవనీతకృష్ణన్ చెప్తుండాను. మీ డ్రాయింగులు మా దగ్గర వేరే యాడా —

ఏందే వళ్లీ, మధ్యలో…

ఏమీ లేదు సార్, ఇంట్లో ఏదో…

ఏ ఫోటోలే వళ్లీ?… ఆ, అవా. అవి లెక్కలోకి రావు కృత్తికా. డ్రాయింగులో గీతలు సన్నవి, నాకు కళ్లానవు. అందుకని ఈ ఫోన్లో ఫోటో తీసుకుని పెద్దవి చేసి చూసేది. అంతే…

ఎన్ని అంటే… అన్నీ అనుకో.

సార్ విన్నాడా?…

నవ్వడం లేదా…

చెరిపేస్తాను కణ్ణు, ఈ క్షణమే. యాడ నొక్కాలో చెప్పు… చెరిపినా మళ్లీ తీయొచ్చంటాడా? అయితే ఫోన్ కూడానా?… కృత్తికా, దీనికి పోయిన ఆయుధ పూజకు బొట్టు పెట్టినాను. వెనక ఇంకా ఉండాది, చూడు…

వళ్లీ, ఆ నూనెగిన్నె ఏంటికి తెస్తుండావు?… వద్దు. వేలు పెట్టొద్దు, ఆ బొట్టు యాడికీ మార్చొద్దు — కృత్తికా, నువ్వైనా చెప్పు, మీ అమ్మ రోకలి ఇంకా కింద పెట్ట —