కుంచె మొన మీద రెండో పన్ను

అధ్యక్షులు డైరెక్టరు గారికీ, ఆయన పక్కన కూర్చున్న మేడం గారికీ, నా రిటైర్మెంటు సభకు వచ్చిన పెద్దలకూ, ఈ శిలాజాల ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు నాతో కలిసి బురద కడిగిన మిత్రులకూ నమస్కారం. నాకు చదువు అంతంతమాత్రం. ఈ కాగితం మూడు రోజులు కూర్చుని నేనే రాసుకున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకుని వినండి. (నవ్వులు)

ఇందాక అందరూ నన్ను పొగిడారు. రాక్షసబల్లుల కాలంనాటి జంతువు పన్నును, నువ్వుగింజలో సగం కూడా లేనిదాన్ని, మట్టిలోంచి ఏరిన చెయ్యి ఇదేనన్నారు. నిజమే. కాదనడానికి నేనేం వినయవంతుణ్ణి కాను. ఆ జంతువుకు మేడం పెట్టిన పేరు నాకు నోరు తిరగదు, మేమంతా చుంచు అంటాం. అది లోకంలో లేకుండా పోయి కోట్ల ఏళ్లయింది. దానికి ఆనవాలు మన దగ్గరున్న ఆ ఒక్క పన్నే.

ఆ ఒక్కదానితోనే వచ్చింది తంటా. బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు చూసి, "వేర్లు విరిగిన పన్ను చూపించి కొత్త జంతువంటే ఎలాగమ్మా? చేపదేమో. చేప పంటికి రెండు వేర్లుండవు, అలా వేర్లున్నది ఇంకోటి తెండి, నమ్ముతాను" అన్నాడు. అప్పటి నుంచి పుస్తకాల్లో చుంచు పేరు పక్కన ప్రశ్న గుర్తు. ఈసారి కొత్త అచ్చులో పేరే కొట్టేస్తారట. ఆ రోజు మేడం, "బాబాయ్, ఇంకోటి దొరుకుతుందా?" అని అడిగారు. "నేనుండగా దొరక్కపోవడమేంటమ్మా" అన్నాను. నా నోరే నా శత్రువు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంటిదానికి కూడా తెలియదు. (ఆగి, మంచినీళ్లు తాగారు)  చెప్పాలంటే భయంగా ఉంది.

రెండో పన్ను దొరికింది. పదకొండేళ్ల కిందట, అదే గుంటలోంచి తెచ్చిన బస్తా మట్టిని జల్లెడ పట్టి, ఆరబెట్టి, పళ్లెంలో పరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే కనపడింది. అవే మూడు మొనలు, కింద రెండు వేర్లు, చెక్కుచెదరలేదు. తడి కుంచె మొనతో ఎత్తాను. ఎత్తి, ఆ సంతోషంలో మేడంను పిలవబోతూ, ఎన్నో ఏళ్ల అలవాటు కదా, మొన కూచిగా రావాలని కుంచెను నాలుక మీద పెట్టుకున్నాను.

తీసి చూస్తే కుంచె మీద ఏమీ లేదు.

(నవ్వులు) నవ్వండి. నాకు మాత్రం నవ్వు రాలేదు. గొంతులో వేలు పెట్టి కక్కి, కక్కినదాన్ని జల్లెడ పట్టాను. మర్నాడు ఏం జల్లెడ పట్టానో పెద్దల ముందు చెప్పను. దొరకలేదు. మేడం వచ్చి, "ఏంటి బాబాయ్, కళ్లు ఎర్రగా ఉన్నాయి?" అంటే "దుమ్మమ్మా" అన్నాను. కుంచె నోట్లో పెట్టరాదని నేను గోడ మీద రాయించింది ఆ తర్వాతే. మూడో వరుసలో కూర్చున్న చెల్లెమ్మా, ఆ తప్పుకే నిన్ను నలుగురి ముందు తిట్టి ఏడిపించాను. అవి నేను తినాల్సిన తిట్లు.

తర్వాత ఇరవై ఆరు బస్తాలు కడిగాను. చేప పొలుసులు, తాబేలు చిప్ప ముక్కలు, అంతే. ఇప్పుడు నా కళ్లకు మసక. అదే గుంట మట్టి ఇంకా పద్నాలుగు బస్తాలుంది. గోదాం ఖాళీ చేయాలంటూ కూలీలు వాటిని ఈ కిటికీ కిందే లారీకి ఎక్కిస్తున్నారు, పారబోయడానికి. ఒక్కో బస్తా ధబ్బుమంటుంటే ఇక్కడినుంచే లెక్కపెట్టుకుంటున్నాను. నోరు మూసుకుంటే శాలువాతో, పరువుతో ఇంటికి పోతాను. చుంచు మాత్రం చేపైపోతుంది.

డైరెక్టరు గారూ, ఆ లోడు ఆపించండి. వేర్లున్న పన్ను ఆ గుంట మట్టిలో ఉంటుందని కళ్లారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కావాలంటే శాలువా వెనక్కి తీసుకోండి.

అమ్మా, ఎక్కడికి లేచారు? అమ్మా! (మేడం హాలు బయటికి వెళ్లిపోయారు) నా మొహం కూడా చూడలేదు.

(కింద చప్పుడు ఆగింది)

మేడమే ఆపించారు. ఇప్పుడు ఇంకా భయంగా ఉంది. ఆ పద్నాలుగింట్లో ఏమీ లేకపోతే, ఈ ముసలాడు పోతూ పోతూ కూడా కోతలు కోశాడనుకుంటారు. అనుకోనివ్వండి. కళ్లు బాగున్నవాళ్లు రేపు పొద్దున్నే జల్లెడ అందుకోండి, నెమ్మదిగా కడగండి, తొందరపడకండి. నా నోటిని ఇన్నేళ్లు భరించిన మీ అందరికీ దండాలు. ఇక నాకు సెలవిప్పించండి.